అమెరికాలో పిస్టల్ కొనాలన్నా, తయారుచేసి అమ్మాలన్నా: ముందు రాష్ట్రం, ఆ తర్వాతే మోడల్

టెక్సస్‌లోని డాలస్‌లో గన్ షాపుకు వెళ్లిన అమెరికా పౌరుడు నచ్చిన పిస్టల్ ఎంచుకుని, ఫారం నింపి, ఎఫ్‌బీఐ తనిఖీ ముగియగానే అదే రోజు దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ మోడల్‌నే కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఏ దుకాణమూ కొత్తగా అమ్మకపోవచ్చు. మసాచుసెట్స్‌లోని బోస్టన్ శివార్లలో దొరికినా ట్రిగ్గర్ చాలా గట్టిగా ఉంటుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అయితే పిస్టల్ కొనడానికి ముందే పోలీస్ స్టేషన్ ద్వారా పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. తుపాకీ ఒకటే, ఫెడరల్ చట్టమూ ఒకటే. తేడా అంతా రాష్ట్రంలో ఉంది.

కాబట్టి ఏ కంపెనీ, ఏ క్యాలిబర్ అన్న చర్చకు ముందు రెండు విషయాలు తేలాలి. మీరు ఏ రాష్ట్ర నివాసి? మీ ఇమిగ్రేషన్ స్టేటస్ ఏమిటి? చిన్న స్థాయిలో హ్యాండ్‌గన్ తయారీలోకి దిగేవారు మొదటి ప్రశ్ననే తిప్పి వేసుకోవాలి: ఏ రాష్ట్రాల దుకాణాల్లో మన మోడల్ ఉండాలి? ఈ జవాబు రాకముందే డ్రాయింగ్ పూర్తిచేస్తే తర్వాత ఫ్రేమ్, స్లైడ్, ట్రిగ్గర్ మొత్తం మళ్లీ గీయాల్సి వస్తుంది.

అన్ని రాష్ట్రాల్లోనూ ఉండేవి

లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికి ఫెడరల్ చట్టం పెట్టిన వయసు 21. పక్క రాష్ట్రంలో చవకగా ఉందని అక్కడే కొని తెచ్చుకోవడం కుదరదు. రైఫిల్‌కు ఉన్న ఆ వెసులుబాటు హ్యాండ్‌గన్‌కు లేదు. బయటి రాష్ట్రంలో డబ్బు కట్టినా, తుపాకీ మీ రాష్ట్రంలోని డీలర్‌కు చేరాలి, కొనేవారి వివరాలు రాసే ఫెడరల్ ఫారం 4473 ఇక్కడే నింపాలి, ఇక్కడి నియమాలన్నీ దానికి వర్తించాలి. వేరే రాష్ట్రంలో ఉన్న తమ్ముడికో స్నేహితుడికో ఇవ్వాలన్నా దారి ఇదే, డీలర్ మధ్యలో ఉండాల్సిందే.

తెలుగువాళ్లకు తరచూ చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లకు వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నది ఉన్నట్టుగా ఫారంలో రాయాలి. గ్రీన్ కార్డు లేదా ఐ-94లో పేరు వేరుగా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోవడం మేలు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం ఐచ్ఛికమే అయినా ఇస్తే అదే పేరున్న మరొకరితో కలగాపులగం కాదు. రెడ్డి, రావు, కుమార్ లాంటి పేర్లతో ప్రతిసారీ తనిఖీ ‘డిలే’లో పడుతుంటే ఎఫ్‌బీఐ ‘వాలంటరీ అప్పీల్ ఫైల్’కు దరఖాస్తు చేసి యూపిన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు తెచ్చుకోవచ్చు. తర్వాతి ఫారాల్లో ఆ నంబరు రాస్తే చాలు. ఇల్లు మారి లైసెన్సులో పాత చిరునామాయే ఉంటే, కొత్త చిరునామా ఉన్న మరో ప్రభుత్వ పత్రం తీసుకెళ్లకపోతే డీలర్ వెనక్కి పంపేస్తాడు.

గంజాయి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం దృష్టిలో అది నిషిద్ధమేనని ఫారం 4473 మీదే హెచ్చరిక ఉంటుంది. ‘మా రాష్ట్రంలో చట్టబద్ధమే కదా’ అనుకుని ‘కాదు’ అని టిక్ పెట్టి సంతకం చేస్తే అది తప్పుడు వాంగ్మూలం.

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 మీద ఉన్నవారు

గ్రీన్ కార్డు ఉన్నవారు ఫెడరల్ చట్టం ప్రకారం పౌరుల్లాగే కొనవచ్చు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారి సంగతి పూర్తిగా వేరు. వారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. మనవాళ్లకు పనికొచ్చేది ఒక్కటే: ఏదైనా అమెరికా రాష్ట్రం జారీ చేసిన, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉండటం. చాలా రాష్ట్రాల్లో దానికి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న లేదా ఆ తర్వాత పుట్టిన వారందరికీ ఆ నియమం వర్తిస్తుంది.

చాలామంది పొరబడేది కొన్న రోజు గురించి కాదు, ఆ తర్వాతి ఏడాది గురించి. హంటింగ్ లైసెన్సు సాధారణంగా ఏడాదికో సీజన్‌కో ఇస్తారు. అది ముగిసిన మర్నాడు ఇంట్లో ఉన్న పిస్టల్ అక్రమమైపోతుంది. దుకాణంలో ఎవరూ గుర్తుచేయరు. తుపాకీ నేరం కింద శిక్ష పడితే, అది చిన్నదైనా, ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయడానికి అదే ఆధారం. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగగలిగితే ఆగడమే మా సలహా. రేంజ్‌లో అద్దె తుపాకీ కాల్చినా చట్టం దృష్టిలో అది ‘దగ్గర ఉంచుకోవడమే’. కాబట్టి ఆఫీసు బృందంతో సరదాగా వెళ్లే ముందు కూడా ఈ లైసెన్సు సంగతి చూసుకోవాలి.

భార్య పౌరురాలు, భర్త హెచ్-1బీ అయిన ఇళ్లలో తుపాకీ ఆమె పేరున ఉన్నంత మాత్రాన సరిపోదు. సేఫ్ కోడ్ అతనికి తెలిస్తే, తాళం అతని చేతికి అందితే, అది అతని అధీనంలో కూడా ఉందని ప్రాసిక్యూటర్ వాదించగలడు. కోడ్ ఆమె ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇక స్నేహితుడి డబ్బుతో స్నేహితుడి కోసం కొని పెట్టడాన్ని ‘స్ట్రా పర్చేజ్’ అంటారు. 2022లో వచ్చిన చట్టం దానికి 15 ఏళ్ల వరకు జైలు పెట్టింది. సొంత డబ్బుతో కొని, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారికి నిజంగా బహుమతిగా ఇవ్వడం వేరు.

కాలిఫోర్నియా: జాబితాలో ఉంటేనే సరుకు

1999లో చేసి 2001 జనవరి 1 నుంచి అమలు చేసిన ‘అన్‌సేఫ్ హ్యాండ్‌గన్ యాక్ట్’ ప్రకారం డీలర్ కొత్తగా అమ్మే హ్యాండ్‌గన్ రాష్ట్ర న్యాయశాఖ రోస్టర్‌లో (ఆమోదించిన మోడళ్ల జాబితాలో) ఉండాలి. అందులో చేరాలంటే కాల్పుల పరీక్ష, కింద పడేసే పరీక్ష నెగ్గాలి. సెంటర్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు 2007 నుంచి మరో రెండు భాగాలు తప్పనిసరయ్యాయి. ఒకటి ఛాంబర్‌లో (తూటా పేలే గదిలో) తూటా ఉందని చూపించే ఇండికేటర్. రెండోది మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేస్తే తుపాకీ పేలకుండా ఆపే డిస్‌కనెక్ట్. 2013 మే నుంచి తూటా ఖోళీ మీద గుర్తు ముద్రించే మైక్రోస్టాంపింగ్ కూడా కోరడంతో దాదాపు పదేళ్లపాటు కొత్త సెమీ ఆటోమేటిక్ మోడళ్లు రావడమే ఆగిపోయింది. 2023 మార్చిలో ఫెడరల్ జిల్లా కోర్టు ఈ షరతులను నిలిపివేసింది. అప్పీలులో ఇండికేటర్, డిస్‌కనెక్ట్ షరతులు తిరిగి నిలబడ్డాయి. మైక్రోస్టాంపింగ్‌పై నిలుపుదలను మాత్రం అప్పుడు రాష్ట్రం సవాలు చేయలేదు. ఆ రెండు భాగాలూ ఉన్న కొత్త మోడళ్లు మళ్లీ రోస్టర్‌లోకి రావడం అప్పుడే మొదలైంది.

గ్లాక్ కంపెనీ మూడో తరం పిస్టళ్లు మాత్రం ఎందుకు ఉండిపోయాయి, నాలుగు, అయిదు తరాలు ఎందుకు రాలేదు అని చాలామంది అడుగుతారు. నియమాలు రాకముందు చేరిన మోడల్ అలాగే కొనసాగవచ్చు, కానీ అందులో భాగం మారిస్తే అది కొత్త మోడల్ కింద లెక్క. మెరుగుపరిచిన తుపాకీ బయట, పాతది లోపల మిగిలింది. స్మిత్ అండ్ వెసన్, రూగర్ కంపెనీలు 2014 జనవరిలో తమ మోడళ్లు రోస్టర్ నుంచి జారిపోతున్నాయని ప్రకటించింది ఇందుకే: భాగాలను మెరుగుపరచడం ఆపలేమని, మైక్రోస్టాంపింగ్ పెట్టలేమని. భద్రత పేరున పెట్టిన నియమం పాత డిజైన్‌నే కాపాడిందంటే అది నియమంలోని లోపమే.

ఇప్పుడు మరో మార్పు వచ్చింది. 2025 అక్టోబరులో సంతకమైన ఏబీ 1127 అనే రాష్ట్ర చట్టం ప్రకారం, మామూలు పనిముట్లతో సులువుగా మెషిన్‌గన్‌గా మార్చగల క్రూసిఫామ్ (శిలువ ఆకారపు) ట్రిగ్గర్ బార్ ఉన్న పిస్టళ్లను డీలర్లు 2026 జులై 1 నుంచి అమ్మకూడదు. గ్లాక్‌నూ దాని పోలికతో వచ్చే డిజైన్లనూ ఉద్దేశించిందే ఇది. రోస్టర్‌లో పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు, ఈ చట్టం కూడా చూసుకోవాలి.

కొనేవారికి ఇక్కడ నాలుగు దారులున్నాయి. మొదటిది, ఇండికేటర్, డిస్‌కనెక్ట్ ఉన్న కొత్త తరం రోస్టర్ పిస్టల్. మొదటిసారి కొనేవారికి మా ఓటు దీనికే. వారంటీ ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. డిస్‌కనెక్ట్ వల్ల ట్రిగ్గర్ కాస్త గరుకుగా అనిపించవచ్చు, విప్పి శుభ్రం చేసే పద్ధతి కూడా మారవచ్చు. కొన్ని డిజైన్లలో స్లైడ్ విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాలి. డిస్‌కనెక్ట్ ఉంటే అందుకు ఖాళీ మ్యాగజైన్ పెట్టాల్సి వస్తుంది. ఆ సమయంలో ఛాంబర్ చూసుకోకపోతేనే ప్రమాదం.

రెండోది డబుల్ యాక్షన్ రివాల్వర్, అంటే ట్రిగ్గర్ లాగితేనే సుత్తి వెనక్కి వెళ్లి పేలేది. దానికి ఇండికేటర్, డిస్‌కనెక్ట్ గొడవ లేదు, పరీక్షలు నెగ్గితే చాలు. అందుకే ఇక్కడ రివాల్వర్లలో ఎంపిక ఎక్కువ. అయితే ట్రిగ్గర్ బరువు, అయిదారు తూటాల పరిమితి ఉంటాయి. వేళ్లలో బలం తక్కువున్నవారు రేంజ్‌లో కాల్చి చూసే నిర్ణయించుకోవాలి.

మూడోది ఇద్దరు రాష్ట్ర నివాసుల మధ్య డీలర్ ద్వారా జరిగే ప్రైవేట్ పార్టీ ట్రాన్స్‌ఫర్. దీనికి రోస్టర్ వర్తించదు, కాబట్టి రోస్టర్‌లో లేని మోడల్ కూడా చేతులు మారవచ్చు. చట్టబద్ధమే, కానీ అరుదు కాబట్టి ధర బాగా పెంచి అమ్ముతారు. డీలర్ ఒక తుపాకీకి 10 డాలర్లు మించి సేవా రుసుము తీసుకోకూడదు. రాష్ట్ర రుసుము 37.19 డాలర్లు అదనం. మరో రాష్ట్రంలో 500 డాలర్లకు దొరికే పిస్టల్‌కు రెట్టింపు చెల్లించే ముందు, ఆ తేడా డబ్బుతో ఎన్ని గంటల శిక్షణ వస్తుందో లెక్కవేసుకోండి. నాలుగోది సింగిల్ యాక్షన్ రివాల్వర్, అంటే ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగాల్సినది. కనీసం అయిదు తూటాలు పట్టి, బ్యారెల్ మూడు అంగుళాలకు తగ్గకుండా, మొత్తం పొడవు ఏడున్నర అంగుళాలు ఉంటే రోస్టర్ నుంచి మినహాయింపు ఉంది. సేకరణకు, సరదాకు బాగుంటుంది. ఇంటి రక్షణ కోసం కొనేవారికి మేం చెప్పం.

ఏ దారి పట్టినా ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి: 30 ప్రశ్నల్లో 23 సరిగ్గా రాయాలి, రుసుము 25 డాలర్లు, అయిదేళ్లు చెల్లుతుంది. తర్వాత పది రోజుల నిరీక్షణ. 2024 జులై 1 నుంచి దుకాణాల అమ్మకాలపై రాష్ట్రం 11 శాతం అదనపు పన్ను వేస్తోంది. సాధారణ సేల్స్ ట్యాక్స్ అది కాకుండా ఉంటుంది. దుకాణంవారు చెప్పే ధరలో ఇది కలిసిందో లేదో ముందే అడగండి.

మసాచుసెట్స్: రెండు తలుపులు, రెండో దానికి బోర్డు లేదు

ఇక్కడ కూడా రోస్టర్ ఉంది. దానికితోడు అటార్నీ జనరల్ వినియోగదారుల రక్షణ చట్టం కింద చేసిన 940 సీఎంఆర్ 16 అనే నిబంధనలున్నాయి. రోస్టర్‌లో ఉన్న మోడల్ కూడా వీటిని దాటాలి. సగటు అయిదేళ్ల పిల్లవాడు పేల్చలేని విధంగా తుపాకీ ఉండాలి. చాలా కంపెనీలు దీన్ని ట్రిగ్గర్‌ను కనీసం పది పౌండ్లకు పెంచి తీరుస్తున్నాయి. లోడ్ ఇండికేటర్ గానీ మ్యాగజైన్ డిస్‌కనెక్ట్ గానీ ఒక్కటైనా ఉండాలి. చెరిపేయలేని సీరియల్ నంబరు ఉండాలి. ఈ నిబంధనలు నెగ్గిన మోడళ్ల జాబితాను అటార్నీ జనరల్ ప్రచురించరు. ‘ఇది అమ్మవచ్చా’ అని నిర్ణయించుకునే బాధ్యత డీలర్ మీదే పడుతుంది. తప్పితే ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు సివిల్ జరిమానా. అందుకే డీలర్లు అనుమానం ఉన్న మోడల్ జోలికే పోరు. గ్లాక్ రోస్టర్‌లో ఉన్నా సామాన్యులకు కొత్తది అమ్మకపోవడం ఈ కారణంతోనే. దాని ఇండికేటర్ చాలదన్న రాష్ట్ర వాదనను 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది.

కొనేవారు ముందు ఊరి పోలీస్ చీఫ్ ద్వారా లైసెన్స్ టు క్యారీ తీసుకోవాలి. రుసుము 100 డాలర్లు, భద్రతా కోర్సు తప్పదు. పిస్టల్ ఎంచుకునేటప్పుడు ‘మాసాచుసెట్స్ వెర్షన్’ అన్న మాట చూడండి. పది పౌండ్ల ట్రిగ్గర్‌తో గురి పక్కకు లాగేయడం కొత్తవారికి సహజం. చిన్న పిస్టల్ కంటే కాస్త బరువైనది, పెద్ద పట్టు ఉన్నది తీసుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. కొన్న తర్వాత ట్రిగ్గర్ తేలిక చేయించుకునే ఆలోచన ఉంటే ముందు స్థానిక న్యాయవాదితో మాట్లాడండి. యూట్యూబ్ వీడియో చూసి స్ప్రింగ్ మార్చకండి.

మేరీల్యాండ్, న్యూజెర్సీ, న్యూయార్క్, మిగిలినవి

మేరీల్యాండ్ రోస్టర్ మరో రకం. 1988 నాటి చట్టంతో ఏర్పడిన హ్యాండ్‌గన్ రోస్టర్ బోర్డు 1985 జనవరి 1 తర్వాత తయారైన హ్యాండ్‌గన్‌లను చూస్తుంది. లేబొరేటరీలో వందల తూటాలు కాల్చమని అడగదు. బరువు, నాణ్యత, గురి, భద్రత, ఆత్మరక్షణకూ క్రీడకూ ఉపయోగం లాంటి అంశాలు తూచి చెబుతుంది. ఫలితంగా ఆధునిక పిస్టళ్లలో చాలావరకు ఇక్కడ దొరుకుతాయి. భారం కొనేవారి వైపు ఎక్కువ. హ్యాండ్‌గన్ క్వాలిఫికేషన్ లైసెన్సుకు 50 డాలర్లు, వేలిముద్రలు, నాలుగు గంటల శిక్షణ కావాలి. ఆపై ఏడు రోజుల నిరీక్షణ, 30 రోజులకు ఒకటి అన్న పరిమితి. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది కాబట్టి కొనే ఉద్దేశం గట్టిగా లేకపోయినా ముందే తీసుకుని ఉంచుకోవడం మంచిది.

న్యూజెర్సీలో తుపాకీ మోడల్ సమస్య తక్కువ, కాగితం సమస్య ఎక్కువ. ఒక్కో హ్యాండ్‌గన్‌కు ఒక్కో పర్చేజ్ పర్మిట్, 25 డాలర్లు, గడువు 90 రోజులు, మరో 90 రోజులు పొడిగించుకోవచ్చు. పర్మిట్ వచ్చాక దుకాణాలు తిరగడం మొదలుపెడితే గడువు అందులోనే కరిగిపోతుంది. రేంజ్‌లో అద్దెకు కాల్చి మోడల్ ఖాయం చేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి. మరో ముఖ్యమైన సంగతి హాలో పాయింట్ (కొన గుల్లగా ఉండే) తూటాలు. ఇంట్లో, రేంజ్‌కు వెళ్లే దారిలో ఉంచుకోవచ్చు, బయట వెంట తీసుకుతిరగడం మీద గట్టి ఆంక్షలున్నాయి.

న్యూయార్క్‌లో ఇంట్లో ఉంచుకోవడానికైనా కౌంటీ ఇచ్చే పిస్టల్ లైసెన్సు ఉండాలి, కొన్న ప్రతి హ్యాండ్‌గన్‌నూ దాని మీద నమోదు చేయించాలి. వెంట తీసుకుతిరిగే లైసెన్సుకు 2022 నుంచి 16 గంటల తరగతి, రెండు గంటల కాల్పుల శిక్షణ తప్పనిసరి. న్యూయార్క్ నగరానికి విడి లైసెన్సు. సియాటెల్ వైపు ఉన్నవారు తెలుసుకోవాల్సింది, వాషింగ్టన్ రాష్ట్రంలో 2024 నుంచి పది రోజుల నిరీక్షణ ఉంది, 2027 మే 1 నుంచి కొనడానికే పర్మిట్ కావాలి. నార్త్ కరోలినాలో షెరీఫ్ ఇచ్చే పిస్టల్ పర్మిట్ 2023 మార్చిలో రద్దయింది. పాత వాట్సాప్ సందేశాలు నమ్మి షెరీఫ్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. టెక్సస్, జార్జియాల్లో రాష్ట్రం వైపు నుంచి పర్మిట్ గానీ నిరీక్షణ గానీ లేవు. అక్కడ తుపాకీ ఎంపిక నిజంగా చేతికి సరిపోవడం, ధర, సర్వీసు మీదే ఆధారపడుతుంది.

తయారీదారుకు: ఒకే డిజైనా, రాష్ట్రానికో వెర్షనా?

మొదట ఫెడరల్ పని. తుపాకుల తయారీకిచ్చే టైప్ 07 లైసెన్సు, మూడేళ్లకు 150 డాలర్లు. సీరియల్ నంబరు లోతు 0.003 అంగుళం, అక్షరం ఎత్తు 1/16 అంగుళానికి తగ్గకూడదు. పాలిమర్ ఫ్రేమ్ అయితే అందులో శాశ్వతంగా పొదిగిన లోహపు పలక మీద చెక్కాలి. చిన్న షాపులు ఇక్కడే దెబ్బతింటాయి. చెక్కిన తర్వాత పూత వేస్తే లోతు తగ్గిపోతుంది, కాబట్టి పూత మందం ముందే కలుపుకుని కొలవాలి. తయారైన ప్రతిదీ ఏడో రోజు ముగిసేలోగా రికార్డులో పడాలి, ఏడాది లెక్క ఏప్రిల్ 1 నాటికి తుపాకులను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు చేరాలి. పిస్టళ్లు, రివాల్వర్ల మీద ఫెడరల్ ఎక్సైజ్ పన్ను 10 శాతం. ఏడాదికి 50 కంటే తక్కువ తయారుచేసేవారికి మినహాయింపు ఉంది. ధర నిర్ణయించేటప్పుడు 49 దగ్గర ఆగుతారా, దాటుతారా అన్నది ముందే తేల్చుకోండి.

ఇక రాష్ట్రాలు. కాలిఫోర్నియా పరీక్షకు ఆ మోడల్‌వి మూడు తుపాకులు ఇవ్వాలి, ఒక్కోటి 600 తూటాలు కాల్చాలి. అంటే 1,800 తూటాలు, పైగా ధ్రువీకృత స్వతంత్ర లేబొరేటరీ ఖర్చు. మొదటి 20 తూటాల్లో ఒక్క మొరాయింపు కూడా ఉండకూడదు, మొత్తం 600లో ఆరుకు మించకూడదు. ప్రమాదం తెచ్చే పగుళ్లు, విరుగుళ్లు అసలు ఉండకూడదు. తూటా ఎక్కకపోవడం, పేలకపోవడం, ఖోళీ బయటకు రాకపోవడమే కాదు, మ్యాగజైన్ ఖాళీ అయ్యాక స్లైడ్ వెనక్కి తెరుచుకుని ఆగకపోయినా చట్టం దాన్ని మొరాయింపుగానే లెక్కిస్తుంది. అందువల్ల స్లైడ్ స్టాప్ స్ప్రింగ్, మ్యాగజైన్ ఫాలోవర్ మీద చూపే శ్రద్ధ వృథా పోదు. లేబొరేటరీ మీ యూజర్ మాన్యువల్‌లో సిఫారసు చేసిన రకం తూటాలే వాడుతుంది. ఏది పడితే అది రాయకుండా, సొంత పరీక్షల్లో నిలకడగా పనిచేసిన రకాన్నే మాన్యువల్‌లో పెట్టండి.

డ్రాప్ టెస్ట్‌లో ఒక మీటరు ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి ఆరు భంగిమల్లో కాంక్రీటు మీద పడేస్తారు. ముక్కు కిందికి పడినప్పుడు తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ తన బరువుతోనే ముందుకు దూసుకెళ్లడం అసలు గండం. స్ప్రింగ్ గట్టిపరిచి గట్టెక్కాలని చూస్తే అది అలిసేకొద్దీ రక్షణ తగ్గుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడే తొలగే ఫైరింగ్ పిన్ బ్లాక్ పెట్టడమే సరైన మార్గం, తేలికైన పిన్ దానికి తోడు.

నెగ్గాక మోడల్‌కు ఏడాదికి 200 డాలర్లు కట్టాలి. క్యాలిబర్ మారినా బ్యారెల్ పొడవు మారినా వేరే మోడల్. రంగు, పూత, గ్రిప్ పలకల తేడాలకు మాత్రం మళ్లీ పరీక్ష లేకుండా చేర్చుకునే వీలుంది. కాబట్టి మూడు పొడవులు, రెండు క్యాలిబర్లతో మొదలుపెట్టకండి, ఒక్క మోడల్‌తో వెళ్లి రంగుల్లో వైవిధ్యం చూపండి.

మా తూకం ఇది. కాలిఫోర్నియాలో ఎప్పటికైనా అమ్మాలన్న ఆలోచన ఉంటే ఇండికేటర్‌కూ డిస్‌కనెక్ట్‌కూ మొదటి డ్రాయింగ్‌లోనే చోటు ఉంచాలి. ఖోళీని బయటకు లాగే ఎక్స్‌ట్రాక్టర్ కాస్త ఉబ్బి వేలికి తగిలితే ఇండికేటర్ అయిపోదు. అది కంటికి కనిపించాలి, పక్కనే అర్థమయ్యే రాత గానీ బొమ్మ గానీ ఉండాలి, మాన్యువల్ చదవని మనిషికీ తెలియాలి. కాలిఫోర్నియాను తృప్తిపరిచే ఈ జంట మసాచుసెట్స్ అడిగే ‘రెండింటిలో ఒకటి’ని ఎలాగూ తీరుస్తుంది. అక్కడ అదనంగా పది పౌండ్ల ట్రిగ్గర్ కిట్ ఒక్కటే వేరుగా తయారుచేసుకోవాలి. ఆ గట్టి ట్రిగ్గర్‌ను దేశమంతటికీ పెట్టేయడం పొరపాటు, టెక్సస్ కొనుగోలుదారు దాన్ని ముట్టుకోడు. మ్యాగజైన్లు మాత్రం పది తూటాలవి మొదటి రోజు నుంచే ఉండాలి. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, న్యూజెర్సీ, న్యూయార్క్, మేరీల్యాండ్, వాషింగ్టన్‌లు అన్నిటికీ అదే సరిపోతుంది.

వరుస విషయానికొస్తే, ముందు రోస్టర్ లేని రాష్ట్రాల్లో అమ్మి, తిరిగొచ్చిన ఫిర్యాదులతో భాగాలు కుదుటపడ్డాక మేరీల్యాండ్‌కు వెళ్లండి. అక్కడ దరఖాస్తు ఎవరైనా పెట్టవచ్చు, బోర్డు 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అయితే తుపాకీలోనే ఇమిడిన భద్రతా పరికరం 2003 నుంచి అక్కడ తప్పనిసరి, బయట తగిలించే కేబుల్ లాక్ చాలదు. మసాచుసెట్స్ తర్వాత, కాలిఫోర్నియా చివర. ఎందుకంటే కాలిఫోర్నియా రోస్టర్‌లోకి వెళ్లిన డిజైన్ గడ్డకట్టినట్టే, తర్వాత ఏ భాగం మార్చాలన్నా మళ్లీ పరీక్ష. వాషింగ్టన్ డీసీ ఈ మూడు రాష్ట్రాల జాబితాలను ఆధారం చేసుకుంటుంది కాబట్టి దానికి విడిగా కష్టపడక్కర్లేదు. జింక్ మిశ్రమంతో చవక ఫ్రేమ్ పోతపోయాలనుకుంటే ఇల్లినాయిని మర్చిపోండి. 800 ఫారెన్‌హీట్ డిగ్రీలలోపు కరిగే లేదా వంగే అలాంటి హ్యాండ్‌గన్‌లను అక్కడ డీలర్లు అమ్మకూడదు.

రాష్ట్రం మారితే, ప్రయాణమైతే

ఉద్యోగం మారి టెక్సస్ నుంచి కాలిఫోర్నియాకు వెళ్లేవారు సొంత హ్యాండ్‌గన్ రోస్టర్‌లో లేకపోయినా వెంట తెచ్చుకోవచ్చు, 60 రోజుల్లోగా రాష్ట్రానికి నివేదించాలి. పది కంటే ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్లు మాత్రం సరిహద్దు దాటకూడదు, వాటిని టెక్సస్‌లోనే అమ్మేయండి. కొనన మర (థ్రెడ్) ఉన్న బ్యారెల్ లాంటి భాగాలతో పిస్టల్ ‘అసాల్ట్ వెపన్’ నిర్వచనంలోకి వెళుతుందేమో ప్యాకింగ్‌కు ముందే చూసుకోవాలి.

మధ్యలోని రాష్ట్రాలు దాటడానికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా చేరే చోటా ఉంచుకునే హక్కు ఉండాలి, తుపాకీ ఖాళీగా, చేతికి అందకుండా, తాళం వేసి ఉండాలి. దారిలో ఆగితే ఈ రక్షణ జారిపోతుంది. విమానం తప్పి నెవార్క్‌లో రాత్రి హోటల్‌కు బ్యాగు తీసుకెళ్లి, మర్నాడు తిరిగి చెకిన్ చేస్తూ అరెస్టయిన ప్రయాణికుడికి ఈ చట్టం వర్తించదని 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. తుపాకీతో ఎగరాల్సి వస్తే న్యూజెర్సీ, న్యూయార్క్ విమానాశ్రయాల్లో మారే టికెట్ తీసుకోకండి.

ఇండియాకు వెళ్లేటప్పుడు తుపాకీని ఎవరూ తీసుకెళ్లరు, తూటానే మర్చిపోతారు. రేంజ్‌కు వాడిన బ్యాగు జేబులో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే ఆయుధ చట్టం కింద కేసవుతుంది, అమెరికాలో లైసెన్సు ఉందన్న మాట అక్కడ పనికిరాదు. రేంజ్ బ్యాగును వేరుగా ఉంచండి, దాన్ని ఏ విమాన ప్రయాణానికీ వాడకండి.